తుపాను – మన చెరువు కట్ట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభ సమయమున ప్రబంధ కవిత్వమును గూర్చి రెండు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను బడిలో నేర్చినది స్వల్పము. పగలు గ్రామపు లెక్కలు వ్రాసికొని, సాయంకాలము ఈ గ్రంథాలయపు బల్లమీదనే నిఘంటువును ప్రక్కన బెట్టుకొని ప్రబంధములు చదువుకొన్నవాడను. అయినను నేడు ప్రబంధమును కొంచెము ప్రక్కకు జరిపి తుపానును గూర్చి మాటాడుటకు వారి అనుమతి వేడితిని. స్వాతి కార్తెకు ఇంక నెల పైచిలుకే యున్నది. కవిత్వము వేచియుండగలదు, వాన వేచియుండదు.

తుపానను మాట చెవిని బడగానే మనలో పలువురు అది కావలివారికో, గూడూరువారికో సంబంధించిన గొడవ యనుకొందురు. సముద్రము మనకు కంటికి కనబడదు. పడమట వెలిగొండలు గోడవలె నిలిచియున్నవి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన పదివేలకు పైబడిన ప్రాణములను బలిగొన్నది. అట్టి ఉప్పెన మన మెట్టకు రాదు. అంతవఱకు నిజమే. కాని ఆ నిజముతో తృప్తిపడి కూర్చుండుట ప్రమాదము. సముద్రపు గాలి తేమను మోసికొని వచ్చి కొండలకు తాకి పైకెక్కును, పైకెక్కినకొలది చల్లబడును, చల్లబడి తన బరువంతయు అచ్చటనే దింపును. మనము గోడ యనుకొనుచున్న వెలిగొండలే ఆ వానను మన నెత్తిపై కురిపించుచున్నవి. బొగ్గేరువంటి వాగులు ఒక్క రాత్రిలో ఉప్పొంగుటకు కారణ మిదియే.

2021వ సంవత్సరపు సంగతి మీకందఱకును జ్ఞాపకమే. ఆ యేట నవంబరు 19 తెల్లవారుజామున చెన్నపట్టణమునకు చేరువగా తీరము దాటినది తుపానైనను కాదు, వట్టి వాయుగుండము. దానికి పేరు కూడ పెట్టలేదు. ఐనను ఆ దినముననే కడప జిల్లాలో చెయ్యేటిపై నున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, క్రింది యూళ్లు కొట్టుకొనిపోయినవి. ఆ చెయ్యేరు పెన్నలో కలియును; ఆ పెన్న మన పొరుగుననున్న సోమశిలకు వచ్చును. 78 టీ.యం.సీ.లు పట్టు ఆ జలాశయమునుండి 5 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు దిగువకు వదలవలసి వచ్చెను. పడుగుపాడు వద్ద రైలు పట్టాల క్రింది కట్ట కోసికొనిపోయెను. గాలి చూచి తుపానును కొలుచువారికి ఆ వాయుగుండము లెక్కకే రాదు. మెట్టవారమగు మనము గాలిని చూచి కాదు, నీటిని చూచి లెక్క వేసికొనవలెను.

లెక్కల వాడను గనుక కొన్ని తేదీలు ప్రక్కప్రక్కన వ్రాసి చూచితిని. బందరును ముంచిన ఉప్పెన 1864 నవంబరు 1. నెల్లూరు తుపాను 1927 నవంబరు మొదటి దినములు. దివిసీమ 1977 నవంబరు 19. శ్రీహరికోట ప్రాంతమును తాకినది 1984 నవంబరు 14. కావలి తుపాను 1989 నవంబరు 8, 9. పైన చెప్పిన వాయుగుండము మరల నవంబరు 19. ఇవి యన్నియు స్వాతి, విశాఖ కార్తెలలోనో, వాని పొలిమేరలోనో పడినవి. అట్లని తక్కిన కార్తెలలో భయము లేదనరాదు; 2023లో మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరము దాటుటకు ముందు మన జిల్లా తీరము వెంబడి నడచి తడిపి పోయెను. అయినను ఏర్పాట్లకు ఒక గడువు పెట్టుకొనవలసినచో, చిత్త కార్తె ముగియులోపల అని పెట్టుకొనుడు. మన పెద్దలు విత్తునకు కార్తె చూచిరి. మనము కట్టకు కూడ కార్తె చూతము.

ఇక హెచ్చరికల సంగతి. వాతావరణ శాఖవారు 1999 నుండి తుపాను హెచ్చరికను నాలుగు అంచెలుగా ఇచ్చుచున్నారు. మొదటిది మూడు దినముల ముందు. రెండవది రెండు దినముల ముందు. మూడవది ఒక దినము ముందు. ఈ మూడింటిని పత్రికలు పెద్దయక్షరములతో ప్రకటించును. నాలుగవది తీరము దాటుటకు పండ్రెండు గంటల ముందు వచ్చును. తుపాను భూమిపైకి ఎక్కిన పిమ్మట ఏ దిక్కునకు నడచునో, లోపలి ప్రాంతములలో ఎట్టి వాన కురియునో అందు చెప్పుదురు. అదియే మనది! తీరము దాటినది, ఇక గండము గడచినదని ఫోను మూసి పండుకొనువారు తమకు వచ్చిన ఉత్తరమునే విప్పక పాఱవేసినవారగుదురు. ఈ నాలుగవ ప్రకటనను గ్రంథాలయపు నల్లబల్లపై తెలుగులో పెద్దగా వ్రాయు పనిని మన పాఠకులలో ఇద్దరు యువకులు ఒప్పుకొనవలెనని నా కోరిక.

ఇప్పుడు నా ముఖ్య విషయమునకు వచ్చుచున్నాను. అది చెరువు కట్ట.

మెట్టపై పది సెంటీమీటర్ల వాన కురిసినదన్న ఒక్క ఎకరముపై పడిన నీరు 4 లక్షల లీటర్లు. చెరువునకు నీరిచ్చు నేల వేయి ఎకరములైనచో 40 కోట్ల లీటర్లు. అప్పటికే ముసురు పట్టి నేల నానియున్నయెడల అందులో సగమైనను ఇంకదు. కనీసము 20 కోట్ల లీటర్లు ఒక రాత్రిలో కట్టకు వచ్చి ఆనుకొనును. అది తెల్లవారులోగా పోవలసిన దారి ఒక్కటే: కలుజు. కలుజు మూసికొనిపోయినచో నీరు కట్ట నెక్కును. రాతికట్టపై నీరు పొర్లిన నిలువవచ్చును. మట్టికట్టపై పొర్లిన నీరు వెనుకవైపు కోసికొనుచు వచ్చి గండి కొట్టక మానదు.

వెలిగొండ కావల పోరుమామిళ్ల చెరువు కలదు. బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు ఉదయగిరినుండి ఏలుచు దానిని కట్టించెను. 1369వ సంవత్సరపు శాసనము అచ్చట భైరవాలయమున నున్నది. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండు సంవత్సరములు పనిచేసిరని అందు లెక్క వ్రాయించిరి.  చెరువునకు పండ్రెండు అంగములును, ఆఱు దోషములును ఆ శాసనము చెప్పుచున్నది. కట్టనుండి నీరు కారుట ఒక దోషము. చోటు స్వల్పమై నీరధికమగుట మఱియొక దోషము. ఆఱువందల యేండ్లకు పూర్వము మన ఉదయగిరి సీమను ఏలినవారు తెలిసికొన్న ఈ రెండు దోషములను మనము నేడు చేజేతుల తెచ్చుకొనుచున్నాము. పూడికతోను, ఆక్రమణతోను చెరువు చోటు తగ్గినది. కట్టమీద కంపచెట్లు వేళ్లు దిగినవి. ఎలుకలు, పీతలు బొరియలు చేసినవి.

చెమ్మను చూచి భయపడనక్కర లేదు. కట్ట వెనుక కారు నీరు తేటగా నున్నచో దానిని కనిపెట్టి చూచుచుండిన చాలును. అది బురదగా మారినచో కట్టలోని మన్ను కదలుచున్నదని అర్థము, బుంగ పడుచున్నది. అప్పుడు ఇసుకమూటలకు ఊరంతయు పరుగెత్తవలెను. బుంగ పడినపుడు మూటలు వెదకుకొనువారికి కట్ట దక్కదు. మూటలు ముందే కట్టపై నుండవలెను.

మనసు నొచ్చు మాట యొకటి చెప్పక తప్పదు. కార్తికమాసమున నీరు కలుజెక్కు వేళకు ఆయకట్టు రైతులు కొందఱు రాత్రివేళ కలుజుపై మూటలు పేర్చి మట్టము పెంచుదురు. ఒక జానెడు నీరు నిలిచిన ఇంకొక తడి వచ్చునని వారి యాశ. వారిని దొంగలనుట న్యాయము కాదు. మన జిల్లాకు వచ్చు వానలో అధికభాగము ఈ మూడు నెలలదే. వాయుగుండము రాని యేట చెరువు నిండదు. నిండని యేట వలసపోవువారు ఆ రైతులే. కాని కలుజుపై పెంచిన జానెడు నీరు కట్టపై నుండవలసిన జానెడు నెమ్మదిని తినివేయును. కట్ట క్రింద ఎవరున్నారో చూడుడు. మడులు ఆయకట్టుదారులవి, గుడిసెలు యానాదులవి. మడి పోయిన మరల దున్నవచ్చును. నా తీర్మానము స్పష్టము: మూడవ హెచ్చరిక వచ్చిన నాటినుండి కలుజుపై ఒక్క మూటయు నుండరాదు. ఉన్నదానిని తీయుటకు ఎవరి యనుమతియు అవసరము లేదని ఆయకట్టు రైతులే ముందుగా సభ జేసి వ్రాసియిడవలెను. తరతరములుగా చెరువులకు కావలి కాచిన యానాది పెద్దలను ఆ సభకు పిలువవలెను. కట్టలో ఏ బొరియ ఎచ్చట నున్నదో వారికి తెలిసినంత మన కాగితములకు తెలియదు.

ప్రజలను ముందుగా తరలించుటలో నున్న బలమును పొరుగు రాష్ట్రమువారు చూపిరి. 1999 అక్టోబరున ఒడిశాను తాకిన పెనుతుపాను సుమారు పదివేలమందిని చంపెను. 2013 అక్టోబరున ఫైలిన్ వచ్చునప్పటికి దాదాపు పదిలక్షలమందిని ముందే ఇండ్లు వదలించిరి. మృతులు పదులలోనే నిలిచిరి. గాలి తగ్గినందున కాదు. ఎవరింట ఎవరున్నారో ముందే తెలిసియుండుటవలన. మన గ్రామమునకు అట్టి పుస్తక మొకటి కావలెను. మంచమునుండి లేవలేని వృద్ధు లెందఱు, నెలలు నిండిన గర్భిణు లెందఱు, మట్టిగోడల ఇండ్లేవి, వాగు కావలి పొలములలో కాపురమున్న వారెవరు, ట్రాక్టరు ఎవరికి కలదు. నిండుచూలాలిని వాగు పొంగిన పిమ్మట ఆత్మకూరు ఆసుపత్రికి చేర్చుట దైవాధీనము. రెండు దినములు ముందుగా చేర్చుట మన యధీనము. చప్టాపై మోకాలిలోతు నీరే కదా యని మోటారుసైకిలు దింపు యువకులకు ఒక్క మాట: వడిగల నీరు మోకాలిలోతుననే మనిషిని పడవేయును, రెండడుగుల లోతున కారును తేల్చును.

ఇంటి సంగతులు తల్లులకు నేను చెప్పుట హాస్యాస్పదము. కృష్ణదేవరాయలంతటి వాడు, మన ఉదయగిరి దుర్గమును ముట్టడించి 1514లో గెలిచిన చక్రవర్తి, ఆముక్తమాల్యదలో వానకాలమును వర్ణించుచు తడిసిన కట్టెలతో ఇల్లాండ్రు వంటకు పడు యాతనను మఱవలేదు. ఏనుగులను, గుఱ్ఱములను లెక్కించిన చేయి పొయ్యిలోని పొగను కూడ లెక్కించినది. కనుక వారము దినములకు బియ్యము, ఎండుకట్టెలో గ్యాసుబండో, దీపము, త్రాగునీరు. ఆధారు, పట్టాదారు పుస్తకము, బ్యాంకు పుస్తకము ప్లాస్టికు సంచిలో కట్టి అటకమీద నుంచుడు; పెట్టె అడుగున కాదు.

వాన వెలిసిన పిమ్మటి వారము చాలమంది మఱచు వారము. తెగిన కరెంటు తీగెను కఱ్ఱతోనైనను ముట్టరాదు. వరదనీరు దిగిన బావికి వేయి లీటర్లకు రెండున్నర గ్రాముల వంతున మంచి బ్లీచింగు పొడి కలిపి గంటసేపు ఆగవలెను. నీరు మురికియైన ఇంకను ఎక్కువ పట్టును. ఆపైని కాచి త్రాగవలెను. పాములు పొడినేల వెదకుచు ఇంటిలోనికి వచ్చును; కాటు పడిన మంత్రమునకు కాదు, ఆసుపత్రికి పోవలెను. గొఱ్ఱెలు వానలో తడిసి చలికి చచ్చును. బ్రతికినవి లేతగడ్డి మేసి చిటుకరోగమునను, దోమలవలన నీలినాలుకతోను పోవును. టీకాలు వానలకు ముందే వేయింపవలెను. పొగాకు వేసినవారు మడిలో నీరు నిలువకుండ కాలువలు తీసి, తిరిగి నాటుకొనుటకు కొంత నారు మిగుల్చుకొనవలెను.

పిమ్మట నష్టపు లెక్క. ఇది నా వృత్తిలోని మాట గనుక శ్రద్ధగా వినుడు. 2015 నుండి పంట నూటికి 33 వంతులు పోయినను సహాయమునకు అర్హత కలదు. అంతకు ముందు సగము పోవలసియుండెను. కాని ఆ సహాయము పొలమునకు రాదు, పేరునకు వచ్చును. ఒక యేట మినుము మునిగినపుడు, అప్పు తెచ్చి సాగుచేసిన కౌలుదారుడు గట్టుమీద కూర్చుండి యేడ్చుచుండగా, సొమ్ము పట్టణములోనున్న పట్టాదారు ఖాతాలో పడుట నేను చూచితిని. ఎవరును అబద్ధము వ్రాయలేదు. కాగితము మీద నున్న పేరే వ్రాసిరి. అదియే ఆ దుఃఖము. 1984లో కరణముల పదవులు రద్దగుటకు పూర్వము అడంగలులో సాగుదారుని గడి యుండెను. నేడు ఈ-పంట నమోదున్నది. 2019 చట్టము కౌలుదారునకు పదునొకండు నెలల పత్రమును ఏర్పరచి, దానివలన భూమి హక్కు మారదని స్పష్టముగా చెప్పెను. అయినను సంతకము పెట్టిన భూమి పోవునని మనలో భూస్వాములు జంకుచున్నారు. ఈ సభలో భూమి కౌలునకిచ్చినవారు పలువురున్నారు. వారిని చేతులు జోడించి వేడుచున్నాను: వానలకు ముందే ఆ సంతకము పెట్టుడు; పంట నమోదులో సాగుచేసినవాని పేరు వ్రాయింపుడు. పశువు చచ్చిన పూడ్చుటకు ముందు పశువైద్యునికి చూపుడు. ఇల్లు కూలిన మట్టి ఎత్తుటకు ముందు ఫోనుతో బొమ్మ తీయుడు.

నేను చెప్పిన ఆ పుస్తకమును కొని తెచ్చితిని. నాలుగువందల పుటల గట్టి అట్ట పుస్తకము. గ్రంథపాలకుని బల్లమీద నున్నది. మొదటి పుటలలో చెరువు వెనుక గుడిసెలవారి పేర్లు, వారు చెప్పగా నిన్ననే వ్రాసితిని. తక్కినవి మీరు వచ్చి వ్రాయింపవలెను. చిత్త కార్తెలో వచ్చు మొదటి ఆదివారము ఉదయము ఆఱు గంటలకు కట్టపై ఈ చివరినుండి ఆ చివరకు నడచి బొరియలు గుర్తింతుము. వచ్చువారు పార, గడ్డపార, రెండేసి ఖాళీ గోనెసంచులు తెచ్చుకొనవలెను. ఇసుకకు ట్రాక్టరు మాత్రము ఇంకను కుదురలేదు.