చెరువు పక్కన చిన్న యిల్లు



ఉద్యోగం వున్నన్నాళ్లూ యూనివర్సిటీ క్వార్టర్సులో గడిపి, రిటైరయ్యే నాటికి తార్నాక, హబ్సిగూడ, నాచారం వైపు వంద గజాల జాగాలో ఓ పాత యిల్లు సంపాదించుకున్న కుటుంబాలు మనలో ఎన్నో వున్నాయి. పిల్లలు చేతికందాక "ఈ పాత కొంపెందుకమ్మా, పడగొట్టి కొత్తది కడదాం" అంటారు. ముచ్చటైన మాటే. అయితే ఆ యిల్లు చెరువు పక్కనుంటే మాత్రం, గునపం పట్టకముందే కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

చిన్న స్థలాలకు నియమాల్లో కొంత దయ వుంది. 2012లో వచ్చిన జీవో 168 చూడండి. వంద గజాలంటే సుమారు 84 చదరపు మీటర్లు. అంత జాగాలో ఏడు మీటర్ల ఎత్తు మించని యిల్లయితే, మామూలు వీధిలో ముందు మీటరున్నర వదిలితే చాలు, పక్కల వదలనక్కరలేదు. వెడల్పుకి నాలుగింతల పొడవున్న సన్నని స్థలమైతే, పక్కల తగ్గించుకుని ఆ మేరకు ముందు వెనకల ఎక్కువ వదిలే వీలుంది.

నీటి దగ్గర మాత్రం ఆ దయ లేదు. చెరువు నిండా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దును ఎఫ్.టి.ఎల్. అంటారు. దాని లోపల ఏ కట్టడమూ కూడదు. ఆ హద్దు దాటాక కూడా, పది హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువుకి 30 మీటర్లు, చిన్న చెరువుకి 9 మీటర్లు ఖాళీగా వుంచాలి.

"ముప్పై ఏళ్లుగా వుంటున్నాం, ఏటా పన్ను కడుతున్నాం, మాకేం?" అనవచ్చు మీరు. పన్ను రసీదు అనుమతి పత్రం కాదమ్మా! పాత యిల్లు పడగొట్టాక, కొత్తదానికి యీనాటి నియమాలే చూస్తారు. అప్పుడు అనుమతి రాకపోతే వున్న గూడూ పోయె, కొత్త యిల్లూ లేకపాయె.

2020 నాటి టి.ఎస్.బీపాస్ చట్టంలో, 75 గజాల లోపు జాగాలో ఏడు మీటర్లు మించని యింటికి అనుమతి అక్కరలేదు, రూపాయితో నమోదు చాలు అన్నారు. అది విని కొందరు ధైర్యపడ్డారు. కాని చెరువు హద్దుకి అది మినహాయింపు కాదు. తప్పుడు వివరాలిస్తే నోటీసు లేకుండానే కూల్చే అధికారం కూడా ఆ చట్టంలోనే రాశారు.

ఇదంతా ఆఫీసుల చాదస్తం అనుకోకండి. 2020 అక్టోబరు వానలకు రామంతాపూర్ చెరువు పొంగి హబ్సిగూడ వీధుల్లో యిళ్లలోకి నీళ్లొచ్చాయి. బియ్యం డబ్బా, పరుపులు, ఫ్రిజ్జు నీళ్లపాలైతే ఆ బాధ ఎవరిది? ముందు మనదే గదా.

అందుచేత మీరు చేయవలసినవి మూడు. దస్తావేజులోని సర్వే నెంబరు పట్టుకుని, హెచ్.ఎం.డి.ఏ. చెరువు పటంలో మీ యిల్లెక్కడుందో చూడండి. లైసెన్సున్న సర్వేయరుతో హద్దు నుంచి కొలిపించండి. నీటిపారుదల, రెవెన్యూ శాఖలవారి నిరభ్యంతర పత్రం అడగండి. నియమాలు మారుతుంటాయి కనుక తాజా సవరణలు కూడా మునిసిపల్ ఆఫీసులో కనుక్కోండి. హద్దులోనే వుందని తేలితే, పడగొట్టే మాట పక్కనపెట్టి, వున్నదానికి ఏ మరమ్మతులు చేసుకోవచ్చో అడగండి.

మేస్త్రీకి అడ్వాన్సు, బ్యాంకులో బంగారం, ముహూర్తం అన్నీ ఆ తర్వాతే.

సెలవు.