దిగులు నడకలో కనిపిస్తుంది

ఈ రోజుతో డాక్టర్లయిన మీ అందరికీ అభినందనలు.

మీలో చాలామంది త్వరలో ఏదో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఓపీ చూస్తారు. అక్కడికి "నాకు డిప్రెషన్" అంటూ వచ్చేవాళ్లు అరుదు. నీరసమంటారు, ఒళ్లు నొప్పులంటారు, ఒక సెలైన్ పెట్టమంటారు. కాబట్టి మనోవైద్యురాలిగా నా మాట వినండి: మనిషి కుర్చీలో కూర్చునేలోపే పరీక్ష మొదలుపెట్టండి.

గుమ్మం నుంచి కుర్చీ దాకా ఆ నడక చూడండి. డిప్రెషన్ ముదిరినవాళ్లలో చాలామందికి అడుగు నెమ్మదిస్తుంది, చేతుల ఊపు తగ్గుతుంది, భుజాలు కుంగుతాయి. పేరడిగితే జవాబు ఆలస్యంగా, ఎత్తుపల్లాలు లేని గొంతుతో వస్తుంది. బయట క్యూ కనబడుతుంటే మీరు ఆగలేక రెండో ప్రశ్న వేసేస్తారు. వేయకండి. ఆ జాప్యమే మీరు వెతుకుతున్న లక్షణం.

ఇంట్లో దీనికి బద్ధకమని పేరు. "స్నానానికి గంట పడుతోందండీ, కంచం ముందు పెట్టుకుని అలాగే కూర్చుంటుంది" అని అత్తగారు విసుక్కుంటే, ఆ విసుగును పక్కనపెట్టి మాటలను మాత్రం కేస్‌షీట్‌లో ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి. 1960లో మాక్స్ హామిల్టన్ ప్రచురించిన డిప్రెషన్ కొలమానంలోనే మందకొడితనానికీ అలజడికీ వేర్వేరుగా మార్కులున్నాయి. "నాకు నెమ్మదించినట్టుంది" అని రోగి అనుకుంటే చాలదు, ఆ మార్పు ఎదుటివాళ్లకు కనబడాలి అంటాయి నేటి రోగనిర్ధారణ ప్రమాణాలు. తోడు వచ్చినవాళ్లతో మాట్లాడండి. తర్వాత వాళ్లను బయటికి పంపి రోగితోనూ ఒంటరిగా మాట్లాడండి.

అలజడి అన్నాను కదా. కొందరు కాలుకాలిన పిల్లిలా తిరుగుతారు, చేతులు నలుపుకుంటారు, కూర్చున్నట్టే కూర్చుని లేస్తారు. ముఖ్యంగా పెద్దవయసువాళ్లు. "టెన్షన్" అని రాసి నిద్రమాత్రతో పంపేస్తాం. మన చేతుల్లోంచి ఎక్కువగా జారిపోయేది వీళ్లేనని నా అభిప్రాయం.

అలాగని నెమ్మదించిన ప్రతి మనిషికీ డిప్రెషన్ అన్న పేరు తగిలించకండి. థైరాయిడ్ తగ్గినా, పార్కిన్సన్స్ మొదలైనా ఇలాగే కనిపిస్తారు. అలజడి విషయంలోనూ అంతే: హాలోపెరిడాల్ లాంటి మందులు కొందరిని ఒకచోట నిలవనివ్వవు. పాత చీటీలు అడిగి చూడండి.

ఇక నన్ను ఎక్కువ భయపెట్టేది చికిత్స మొదలయ్యాక వచ్చే ఘట్టం. కొందరిలో కదలిక ముందు తిరిగొస్తుంది, దిగులు తర్వాత తగ్గుతుంది. "లేచి తిరుగుతున్నాడు, ఇక పర్లేదు" అని ఇంటివాళ్లు తేలికపడతారు. చనిపోవాలన్న ఆలోచన ఇంకా లోపలే ఉంటే, దాన్ని అమలుచేసే శక్తి అప్పుడే వస్తుంది. అందుకని నెల మందులు ఒకేసారి చేతికివ్వకండి, వారానికోసారి రమ్మనండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఓపీ చీటీ మీద మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 కూడా రాసివ్వండి, ఇంటివాళ్లకు కనిపించేంత పెద్ద అక్షరాలతో.