మన ఉక్కపోతకు నిలిచే విత్తనమే మనకు కావాలి



గిట్టుబాటు ధర గురించి మాట్లాడుకునే చోట పెరటి తోట ముచ్చట ఎందుకని కొందరు అడగవచ్చు. సంతలో కూరగాయల ధర పెరిగిన వారం మన గూడేల్లో పిల్లల కంచంలో కూర తగ్గుతుంది. అందుకే.

ఎండాకాలంలో టమాటా పూస్తుంది గానీ కాయదు. రాత్రి వేడి 24 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని పూత రాలిపోతుంది. వానల్లో పచ్చటి మొక్క ఉన్నట్టుండి వాడితే బాక్టీరియా ఎండు తెగులేమో చూడాలి. కాండం కోసి గ్లాసు నీళ్లలో పెడితే తెల్లటి జిగురు దారంలా కిందికి దిగుతుంది. అలా దిగితే ఆ మడిలో మళ్లీ టమాటా, వంగ, మిరప వేయొద్దు. క్యాబేజీ, క్యారెట్ చలి కోరేవి. వాటిని శీతాకాలానికే ఉంచుదాం.

బచ్చలి, తోటకూర, చేమ, కంద, బొబ్బర్లు మన ఉక్కపోతలో బాగా పెరుగుతాయి. పసుపు, అల్లం చెట్ల పలచటి నీడలోనూ పండుతాయి. నీరు నిలిస్తే మాత్రం దుంపకుళ్లు పడుతుంది కాబట్టి ఎత్తు మడులు తప్పవు. మునగ, బొప్పాయి మొదళ్లలోనూ నీరు నిలవనీయొద్దు.

2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం విడి జిల్లా అయింది. విత్తనాల సంచి కూడా మన నేలకూ మన కాలానికీ తగ్గట్టు విడిగా రావాలి. అది తొలకరికి ముందే చేరాలి. కంద, పసుపు విత్తన దుంపలను మన గూడేల మహిళల దగ్గరే కొనాలి. ఈ మూడు కోర్కెలతో ఊరూరా సంతకాలు సేకరించి ఉద్యాన అధికారులకు వినతిపత్రం ఇద్దాం.