అడ్డపొగ నుంచి ఇన్‌హేలర్ దాకా
(సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను డాక్టరును కాను. ముప్ఫై నాలుగేళ్లు ఫైళ్లు మోసిన గుమస్తాను. అయినా పొగ గురించి మాట్లాడమని కార్యదర్శి గారు నన్నే నిలబెట్టారంటే, కారణం నా జేబులోని ఈ ఇన్‌హేలరే.

మా అమ్మది భీమిలి పక్క పల్లె. అడ్డపొగ తాగేది. ఇక్కడున్న పిల్లలకి తెలియదు గనక చెబుతున్నాను. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుని పీల్చడమే అడ్డపొగ. మన ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లకే ఈ అలవాటు ఎక్కువ. గాలికి చుట్ట ఆరిపోదు, చాలాసేపు వస్తుంది, చంకలోని పిల్ల మీద నిప్పు రాలదు. అమ్మ చుట్ట నోట్లో ఉంచుకునే నాట్లు వేసేది, మమ్మల్ని తిట్టేది కూడాను. ఆ వేడి, ఆ పొగ అంతా అంగిలికే తగిలేది. అంగిలి తెల్లబారి, మధ్య మధ్య ఎర్ర చుక్కలు తేలాయి. తర్వాత పుండు పడింది. పుండు పడ్డాక రెండు వేసవులే బతికింది.

డెన్మార్కు ప్రొఫెసర్ పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన డాక్టర్ మెహతా మొదలైనవారు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల నోళ్లు పరీక్షించి, 1971లో ఈ అంగిలి జబ్బుల మీద వ్యాసం ప్రచురించారు. మిగతా చోట్ల అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ మన తీరంలో అంతగా కనిపించడానికి మూలం చుట్ట పట్టుకునే తీరే.

నేనేమో చదువుకున్నవాణ్ణి గదా! చుట్ట జోలికి పోకుండా ఫిల్టరు సిగరెట్టు పట్టాను. దగ్గు మొదలయ్యాక ‘మైల్డ్’ అని రాసిన పెట్టెకి మారాను. ఆ రకం సిగరెట్లు చాలావాటికి ఫిల్టరు చుట్టూ కంటికి ఆనని బెజ్జాలుంటాయి. వాటిగుండా గాలి కలిసి పొగ పలచబడుతుంది. యంత్రంతో పరీక్షించేటప్పుడు నిమిషానికొక దమ్ము, రెండు సెకన్లు, 35 మిల్లీలీటర్లు. అందులో తారు తక్కువే కనిపిస్తుంది. యంత్రానికి నికోటిన్ యావ లేదు, సూపరింటెండెంటు పిలుస్తాడన్న తొందరా లేదు. నేను ఆ బెజ్జాల మీదే వేళ్లు బిగించి, బలంగా గుంజి, లోపల ఆపి ఉంచేవాణ్ణి.

అక్కడే ఉంది చిక్కు. మన పోర్టు నుంచి లేచే బొగ్గు దుమ్ము పాతనగరం ఇళ్లలో గచ్చు మీద పేరుకోవడం అందరం చూశాం. అందులో ముతక రేణువుల్ని చాలావరకు ముక్కు, గొంతు ఆపేస్తాయి. సిగరెట్ పొగ రేణువు అలాంటిది కాదు. సుమారుగా ఒక మైక్రానులో మూడో వంతు నుంచి సగం. మన వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. అంత సన్నం గనక, పైపైన పీల్చి వదిలితే కొంత భాగం ఊపిరితో తిరిగి బయటికే వచ్చేస్తుంది. లోతుగా పీల్చి బిగబడితే లోపలి తేమకు ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుని, సన్నని గొట్టాల చివర్లలో, గాలి తిత్తుల్లో దిగబడుతుంది. గొట్టాలు చీలే మలుపుల దగ్గర కూడా ఎక్కువగా పడుతుంది. అమ్మ పొగ అంగిలి మీద ఆగింది, నాది అడుగుకి చేరింది.

నాకు సీఓపీడీ అని తేలిన రోజున డాక్టరమ్మ ఇన్‌హేలర్ చేతికిచ్చి నేర్పారు. “బాబాయ్ గారూ, ముందు ఊపిరి పూర్తిగా వదలండి. నొక్కుతూ నిదానంగా లోతుగా పీల్చండి. పది సెకన్లు బిగబట్టండి. అప్పుడే మందు అడుగుదాకా వెళ్లి అక్కడ ఆగుతుంది.” చాలామందికి ఇది నాలుగైదుసార్లకి గాని రాదట. నాకు మొదటిసారే వచ్చేసింది. “భలే పట్టేశారే!” అన్నారావిడ. నవ్వు రాలేదు. ముప్ఫై ఏళ్లు సాధన చేసిన విద్య అది.

మన సభ్యుల్లో కొందరు “ఇరవై నుంచి రోజుకి రెండుకి దించాం” అంటుంటారు. వారితో తగవు పెట్టుకోను. నేనూ రెండుకి దించాను, ఆ రెండింటినీ ఫిల్టరు వేడెక్కేదాకా పీల్చాను. పూర్తిగా మానింది మనవరాలు పుట్టాకే. మానాక దగ్గు తగ్గింది. మేడ మెట్లకి ఆయాసం మాత్రం పోలేదు.

ఇన్‌హేలర్ వాడుతున్నవారు కాఫీ అయ్యాక నా దగ్గరికి రండి, పీల్చే పద్ధతి చూపిస్తాను. సిగరెట్ మీద ఉన్నవారు కూడా రావచ్చు, పొగాకు మాన్పించే మందులున్నాయి, ఏ డాక్టరుని ఎలా అడగాలో మాట్లాడుకుందాం. సెలవు.