నవ్వు తాళం



అనంతపురంలో ఈ సభ ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు పగలు బడిలో లెక్కలు చెప్పేవారు, రాత్రిళ్లు నాటకాలకు హార్మోనియం వాయించేవారు. రాయబారం పద్యం ఎంత గొప్పగా పాడినా ఆయన మెచ్చుకోలు ఒక తలాడింపుతో సరి. హాస్యగాడు పాట బాగా పాడాడంటే మాత్రం నాటకం అయ్యాక అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ పాడించుకునేవారు. పద్యానికి రాగం తోడుంటుంది, నవ్వించేవాడికి తాళం తప్ప దిక్కులేదు అనేవారు. అందుకే ఈ ఉపన్యాసానికి పాత రంగస్థలపు హాస్యగీతాన్ని ఎంచుకున్నాను. టాకీ పుణ్యమా అని అందులో మనకు దక్కిందేమిటో, దాన్ని ఎలా చూస్తే ఎక్కువ ఆనందం కలుగుతుందో చెప్పాలని ఆశ.

అందరికీ తెలిసిన పాటే తీసుకుందాం. 1957 మార్చి 27న విడుదలైన విజయా వారి ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు పెళ్లి విందంతా ఒక్కడే ఆరగించే ‘వివాహ భోజనంబు’. తెర మీద ఎస్.వి. రంగారావు, గొంతు మాధవపెద్ది సత్యం, సంగీతం ఘంటసాల, మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావు, కెమెరా మార్కస్ బార్ట్లే. దర్శకుడు మన తాడిపత్రిలో 1912లో పుట్టిన కదిరి వెంకటరెడ్డి, అంటే కె.వి. రెడ్డి. ఈ పాట ఎత్తుగడ సినిమాతో పుట్టింది కాదు. శశిరేఖా పరిణయం కథ ఆడిన నాటకరంగం మీద అంతకుముందే ఉంది. సినిమా దాన్ని రంగస్థలం నుంచి ఎత్తుకుని, నవ్వుతో సహా నిలబెట్టింది.

ఇప్పుడు ఒక ఇంగ్లీషు రికార్డు సంగతి. 1922లో చార్లెస్ పెన్‌రోజ్ అనే లండన్ కళాకారుడు ‘ది లాఫింగ్ పోలీస్‌మన్’ అనే పాటను గ్రామఫోనుకిచ్చాడు. ఎప్పుడూ నవ్వుతూనే ఉండే ఒక లావుపాటి పోలీసు గురించిన పాట. చరణం కాగానే మాటలుండవు, పాట వరుసలోనే పగలబడి నవ్వుతాడు. ఆ వరుస విన్న తెలుగువాడెవడైనా రెండో క్షణంలో ఘటోత్కచుణ్ణి తలుచుకుంటాడు. పోలిక అంత స్పష్టం. పెన్‌రోజ్ మ్యూజిక్ హాళ్ల మనిషి. పనీపాటా చేసుకునే జనం సాయంత్రం పూట ఒక గ్లాసు ముందు పెట్టుకుని పాట, హాస్యం, గారడీ అన్నీ ఒకే టికెట్ మీద చూసే హాళ్లు అవి. పాటగాడు వేషం కట్టి వస్తాడు, ఒక పాత్రగా పాడతాడు, పల్లవి దగ్గర జనమంతా గొంతు కలుపుతారు. మన వాళ్లు ఒన్స్‌మోర్ అని కేకలేసినట్టే అక్కడా.

పెన్‌రోజ్‌కు ఆ వరుస ఎక్కడిది? అమెరికాలో 1890ల తొలి రోజుల్లోనే జార్జ్ డబ్ల్యు. జాన్సన్ అదే వరుసలో ‘ది లాఫింగ్ సాంగ్’ పాడారు. వర్జీనియాలో 1846 ప్రాంతంలో, బానిసత్వం ఇంకా నడుస్తున్న కాలంలో పుట్టిన నల్లజాతి మనిషి. న్యూయార్క్ పడవల రేవుల దగ్గర ఈల పాటలు వేసి చిల్లర సంపాదించుకునేవారు. రికార్డింగు పరిశ్రమ ఆయన్ని అక్కడినుంచే తెచ్చుకుంది. అప్పట్లో మైనపు సిలిండర్లకు నకళ్లు తీసే పద్ధతి సరిగా లేదు. ఒక విడతలో పాడింది కొన్ని సిలిండర్లకే ఎక్కుతుంది. కాబట్టి అదే పాట, అదే నవ్వు, రోజంతా మళ్లీ మళ్లీ పాడాలి. ఆ పాట మాటలు ఆయన జాతినే వెక్కిరించేవి. వాటిని మెచ్చుకోవడం నావల్ల కాదు. కానీ ఆ నవ్వు ఆయనది. అలసటలో కూడా తాళం తప్పకుండా, ఊపిరి అందే చోటు ముందే చూసుకుని నవ్విన నవ్వు. 2013లో అమెరికా జాతీయ రికార్డింగుల పట్టికలో ఆ పాటను చేర్చారు. ఘటోత్కచుడి విందు పాట వింటున్నప్పుడల్లా నాకు ఆ మనిషి గుర్తొస్తాడు, రావాలి కూడా.

లండన్ నవ్వు మన నాటకాల దాకా రావడానికి గ్రామఫోను చాలు. 1902లో గ్రామఫోను కంపెనీ తరఫున గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి మన దేశంలో తొలి రికార్డులు తీశాడు. 1908లో సియాల్దాలో రికార్డుల కర్మాగారమే మొదలైంది. పెట్టె కొన్న ఇంట్లో త్యాగరాజ కృతి పక్కనే ఇంగ్లీషు కామిక్ పాట కూడా తిరిగేది. నాటకాల హార్మోనిస్టులు చెవి పెట్టి వినేవాళ్లు, నచ్చిన వరుస ఏ దేశానిదైనా తెచ్చుకునేవాళ్లు. పార్శీ నాటకాల వరుసలు అలాగే వచ్చాయి. ఇందులో నాకు తప్పేమీ కనిపించదు.

అయితే నవ్వును మనం దిగుమతి చేసుకున్నామని అనుకోకండి. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లిన ధర్మవరం పక్కన నిమ్మలకుంట ఉంది. అక్కడి తోలుబొమ్మల కళాకారులు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆ బొమ్మలాటలో సీతమ్మ శోకం గుండెలు పిండుతుండగా తెర మీదికి జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు ఊడిపడతారు. పాట అందుకుంటారు, తిట్టుకుంటారు, తన్నుకుంటారు, ఊళ్లో పెద్దమనుషుల మీద చురకలు వేస్తారు. రాత్రంతా మేలుకోవలసిన జనానికి ఆ పాటలే ఊతం. మన మ్యూజిక్ హాలు అదే. పైకప్పు లేదు, టికెట్ లేదు, అంతే తేడా.

ఆ ధర్మవరంలోనే పుట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో సరసవినోదిని సభ పెట్టి నాటకానికి పాటను అలవాటు చేశారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన కుటుంబ నాటక సమాజం ఆయన ‘భక్త ప్రహ్లాద’ను ఊరూరా ఆడింది. హెచ్.ఎం. రెడ్డి 1932లో తీసిన తొలి తెలుగు టాకీకి అదే ఆధారం. అంటే తెలుగు సినిమా నోరు తెరిచి పలికిన తొలి మాటల్లో మన జిల్లా మనిషి కలం ఉంది. ఆ సినిమా ఇప్పుడు లేదు. నైట్రేట్ ఫిల్ము తానే తగలబడుతుంది, తగలబడకపోతే చివికి పొడైపోతుంది. మద్రాసులో, కలకత్తాలో, బొంబాయిలో తీసిన తొలి టాకీల్లో చాలావాటికి అదే గతి పట్టింది. పుణెలో ఫిల్ము ఆర్కైవు 1964లో గానీ రాలేదు, అప్పటికే ఆలస్యమైంది.

ఈ విషయంలో ఇంగ్లండు వాళ్ల అదృష్టం చూస్తే నాకు అసూయగా ఉంటుంది. గస్ ఎలెన్ అని 1862లో పుట్టిన పాటగాడు, తోపుడుబండి వ్యాపారి వేషంలో పాడేవాడు. రంగస్థలం మానేసి చాలాకాలమైన ఆయన్ని 1930ల మొదట్లో పాథే కంపెనీ కెమెరా ముందు నిలబెట్టింది. దాదాపు డెబ్బై ఏళ్ల మనిషి. ఇరుకు ఇంటి వెనక నాలుగు మొక్కలేసుకుని, అడ్డంగా ఇళ్లు లేకపోతే ఇక్కణ్ణుంచి ఎంత దూరం కనిపించేదో అని మురిసిపోయే పేదవాడి పాట పాడాడు. ముఖం మీద నవ్వన్నదే ఉండదు. చెయ్యి ఎప్పుడు కదలాలో, ఎప్పుడు మాట మింగాలో ఏళ్ల తరబడి ఒంట పట్టించుకున్నది అంతా ఆ కాసిన్ని నిమిషాల్లో ఉంది. పుస్తకంలో పాట మాటలు దొరుకుతాయి, రికార్డులో గొంతు దొరుకుతుంది. ఆ చెయ్యి దొరికేది మాత్రం టాకీలోనే.

మనకూ ఒక తునక దక్కింది. తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్లారి రాఘవ గారిని 1939 నాటి ‘రైతుబిడ్డ’లో చూడవచ్చు. ఆయన హాస్యపాటగాడు కాదు, పాటను సాగదీయడం ఆయనకు గిట్టదు. అయినా మాటకూ మాటకూ మధ్య ఆగే ఆ ఆగడం చూడండి. హాస్యగీతం బతికేది సరిగ్గా ఆ సందులోనే.

తిరిగి ‘మాయాబజార్’. కె.వి. రెడ్డి గారు మద్రాసులో భౌతికశాస్త్రం చదువుకున్నారు. షూటింగుకు ముందే ప్రతి సన్నివేశాన్నీ స్టాప్‌వాచ్ పెట్టి కొలుచుకునేవారని ప్రసిద్ధి. ఈ పాటలో ఆ కొలత తెలుస్తుంది. సత్యం గారు స్వయంగా రంగస్థల నటుడు కాబట్టి వరుస పూర్తయి నవ్వులోకి వెళ్లేటప్పుడు ఊపిరి ఎక్కడా తెగదు, నవ్వు తాళం మీదే పడుతుంది. ఆ నవ్వుకు రంగారావు గారు పెదవులతో సరిపెట్టుకోలేదు. ముందు భుజాలు కదులుతాయి, తర్వాత పొట్ట, ఆఖర్న కళ్లు. లడ్లు తమంతట తాము నోట్లోకి వచ్చే బార్ట్లే గారి కనికట్టు కూడా లయకు కట్టుబడే ఉంది. 2010 జనవరిలో రంగులద్దిన ప్రతి వచ్చింది, పిల్లలకు అది నచ్చింది, సంతోషం. నాకైతే ఈ పాట నలుపు తెలుపుల్లోనే కావాలి. రంగుల్లో కన్ను పిండివంటల మీదికి పోతుంది, నలుపు తెలుపుల్లో రంగారావు గారి ముఖాన్ని వదలదు.

ఇంకో మాట. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానైనా నమ్మకంగా పడని నేల మనది. రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి రోజువారీ తిండి. ఓళిగలు పండక్కే. అలాంటి ఊళ్లలో టూరింగ్ టాకీస్ ఇసక మీద కూర్చుని ఆ విందు పాటకు ఈలలు వేసిన జనం కడుపునిండా నవ్వింది ఎందుకు? తమకు లేనిది చూసి అని కొందరంటారు. నేను ఒప్పుకోను. పెళ్లివారి కోసం గొప్పలకు పోయి వండిన వంటకాలన్నీ అడవిలోంచి వచ్చినవాడు పిలవకుండానే వచ్చి ఊడ్చేస్తున్నాడు. ఆ న్యాయం ఇక్కడి జనానికి వెంటనే అర్థమైంది. జుట్టుపోలిగాడికి ఈలలు వేసిన నోళ్లే అవి.

ఈ సభ పెద్దలను ఒక్కటి అడుగుతాను. మాస్టారి నిధిలో ఏటా ఉపన్యాసానికి పోను మిగిలే డబ్బుతో నిమ్మలకుంటలోనూ చుట్టుపక్కలా ఉన్న వృద్ధ కళాకారుల హాస్యపాటలను కెమెరాలో పట్టించండి. తెర ముందు బొమ్మను ఒక కెమెరా, తెర వెనక ఆడించే చేతులనూ పాడే నోటినీ ఇంకో కెమెరా తియ్యాలి. బూతుందని, మొరటుగా ఉందని కత్తిరించవద్దు. ఆ పాటలకు పుస్తకం లేదు, రికార్డు లేదు.

కాసేపట్లో ఇక్కడే రెండు ముక్కలు వేస్తారు. మొదట గస్ ఎలెన్, వెంటనే ఘటోత్కచుడు. మొదటిదానికి మాటలు అర్థం కాకపోయినా ఫరవాలేదు, ఆయన కుడిచేతిని చూడండి. రెండోదానికి ఈలలు వేయాలనుకునేవాళ్లు వేయండి, మాస్టారు ఉంటే మొదటి ఈల ఆయనదే అయ్యేది.