రాతి శిఖరం, తల్లి తల
(భీమునిపట్నంలో జరిగిన మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాలావత్ పూర్ణ పేరు మీకందరికీ తెలుసు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన లంబాడా ఆడపిల్ల. పద్నాలుగేళ్లు నిండకుండానే, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. ఆ సంగతి సభల్లో చాలాసార్లు విన్నాం. ఈరోజు మేం చెప్పదలచింది 2019లో ఆమె ఎక్కిన మరో కొండ గురించి.

ఇండోనేషియాలోని పాపువాలో ఉంది కార్‌స్టెంజ్ పిరమిడ్. ఎత్తు 4,884 మీటర్లు. ఎవరెస్ట్‌తో పోలిస్తే సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. అయినా దాన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. అక్కడ మంచు మీద నడక కాదు, రాయి పట్టుకుని పాకడం. సున్నపురాయి వానకు కోసుకుపోయి అంచులు కత్తుల్లా ఉంటాయి, తొడుగులు లేకపోతే అరచేతులు చీరుకుపోతాయి. ముందే కట్టి ఉంచిన తాడుకు జూమర్ తగిలిస్తారు. అది పైకి జరుగుతుంది, కిందికి జారదు. దాన్ని నడుముకున్న హార్నెస్‌తో కలుపుకుని ఒక్కో అడుగే వేయాలి. పగలు వాన పడుతుంది కాబట్టి చీకట్లోనే తలకు లైటు కట్టుకుని బయలుదేరతారు. శిఖరం దగ్గరపడ్డాక గట్టు తెగిపోయి ఉంటుంది. కింద అగాధం. ఇనుప తీగల మీద దాటాలి. అలిసిన ఒంటితో మళ్లీ అదే దారిన దిగాలి. పూర్ణ రాయి ఎక్కడం మొదట నేర్చుకున్నది భువనగిరి ఏకశిల మీద.

కొండ పేరుకూ మన భీమిలికీ ఒక చుట్టరికం ఉంది. 1623లో యాన్ కార్‌స్టెంజ్ అనే డచ్చి నావికుడు సముద్రం మీంచి ఆ కొండపై మంచు చూశానన్నాడు. భూమధ్యరేఖ దగ్గర మంచేమిటని యూరప్‌లో నవ్వారు. ఆ నావికుడి కంపెనీ వాళ్లే ఇక్కడా కోట కట్టుకున్నారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ మన ఊళ్లో ఉన్నాయి.

అయితే ఆయన చూడకముందే ఆ కొండకు మనుషులున్నారు. అముంగ్మే ఆదివాసులు దాన్ని నెమాంగ్కావీ అంటారు, తల్లి తలగా కొలుస్తారు. ఆ తల్లి పక్కనే ఇప్పుడు గ్రాస్‌బర్గ్ బంగారు, రాగి గని. కొండను తవ్వితే ఏం పోతుందో మన ఏజెన్సీవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. జర్రెల బాక్సైట్ కోసం 2015లో ఇచ్చిన జీవో 97 మీద మనవాళ్లు ఎంత పోరాడితే 2019లో రద్దయిందో మీరు చూశారు.

అందుకే పూర్ణ అక్కడ జెండా పట్టుకున్న ఫొటోను మేం 'జయించింది' అనే మాట లేకుండానే ఈ సంచికలో వేశాం.

తాడు, జూమర్, హార్నెస్ ఆ బల్ల మీద ఉంచాం. భోజనాలయ్యాక పిల్లలు వచ్చి పట్టుకు చూడండి.