సిమెంటా, తారా? ముందు గల్లీ ఎత్తు చూడండి
(బస్తీ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన బస్తీల నుండి అధికారులకు వెళ్లే వినతిపత్రాలలో తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది: "మా గల్లీకి సీసీ రోడ్డు మంజూరు చేయవలసిందిగా ప్రార్థన." ఉద్యోగ విరమణ తరువాత ఇటువంటి కాగితాలు ఎన్నో మా చేతుల మీదుగా వెళ్లాయి. ఆ వాక్యం పక్కన ఇంకా ఏమి రాయాలన్నదే ఈనాటి మన విషయం.

సిమెంటు రోడ్డు మేలా, తారు రోడ్డు మేలా అని చాలామంది అడుగుతారు. పుస్తకాల లెక్క ప్రకారం కాంక్రీటు రోడ్డును సుమారు 30 ఏళ్ల ఆయుష్షుకు, తారు రోడ్డును 15 నుండి 20 ఏళ్లకు రూపకల్పన చేస్తారు. కాంక్రీటుకు మొదటి ఖర్చు ఎక్కువ, తారుకు నిర్వహణ ఖర్చు ఎక్కువ. ఇంతవరకు వివాదం లేదు. అయితే రెండు నగరాల అనుభవం చూస్తే ప్రశ్న మరో విధంగా కనిపిస్తుంది.

ముంబైలోని మెరీన్ డ్రైవ్ కాంక్రీటు రోడ్డును 1940 ప్రాంతంలో వేశారు. సముద్రపు గాలినీ ఏటా కురిసే కుండపోత వర్షాలనూ తట్టుకొని అది దాదాపు ఏడు దశాబ్దాలు నిలిచింది. దానిని చూపి కాంక్రీటే గొప్పదని వాదించవచ్చు. కాని పుణెలోని జంగ్లీ మహారాజ్ రోడ్డు తారు రోడ్డే. 1970ల ఆరంభంలో భారీ వర్షాలకు ఆ నగరపు వీధులు గుంతలమయం కాగా, రెకాండో అనే ముంబై సంస్థకు ఈ రోడ్డు పని అప్పగించారు. 1976లో ఆ సంస్థ పదేళ్ల హామీ ఇచ్చి మరీ రోడ్డు వేసింది. హామీ గడువు ముగిసిన తరువాత కూడా దశాబ్దాల పాటు దానికి గుంతలు పడలేదు. ఒకటి సిమెంటు, ఒకటి తారు, రెండూ నిలిచాయి. అడుగున పునాది గట్టిగా ఉండి, పైన పడిన నీరు పక్కకు పోయే దారి ఉండి, పని చేసినవాడు జవాబు చెప్పవలసి వస్తే ఏ రోడ్డయినా నిలుస్తుంది.

తారుకు ప్రధాన శత్రువు నీరు. పగుళ్ల గుండా లోపలికి దిగిన నీరు కంకర నుండి తారు పొరను విడదీస్తుంది. పైన చక్రం పడిన ప్రతిసారీ రాయి కదులుతుంది. కొన్నాళ్లకు అక్కడ గుంత పడుతుంది. యాకుత్‌పురా, తలాబ్‌కట్ట వంటి చోట్ల సన్నని గల్లీలలో మ్యాన్‌హోల్ పొంగితే ఆ నీరు రోజుల తరబడి నిలిచే ఉంటుంది. పైగా వేడి తారు మిశ్రమాన్ని చల్లారకముందే అణచవలసిన పెద్ద రోలరు ఆ గల్లీలలో తిరగనే తిరగదు. కనుక గల్లీలకు సిమెంటు కోరడం న్యాయమే. దానిని ఎలా పోస్తున్నారన్నదే మన అభ్యంతరం.

కాంక్రీటుకు కనీసం రెండు వారాలు తడి అవసరం. మట్టితో చిన్న మడులు కట్టి నీళ్లు నిలపాలి, లేదా గోనె సంచులు పరచి తడుపుతూ ఉండాలి. పూర్తి బలం లెక్కించేది 28వ రోజున. మన గల్లీలలో మూడవ రోజుకే అడ్డుపెట్టిన రాళ్లు తొలగిపోతాయి, ఆటో లోపలికి వస్తుంది. ఇందులో కాంట్రాక్టరు తప్పెంతో మన తొందరా అంతే. పోయడం సులువు కావాలని మిశ్రమంలో నీరు ఎక్కువ కలిపితే బలం తగ్గుతుంది. పోసిన ఒక రోజులోగానే యంత్రంతో అడ్డంగా గాడులు కోయాలి; ఆ గాడి లేకపోతే స్లాబు తనకు నచ్చిన చోట తానే పగులుతుంది. గుంటూరు వంటి నల్లరేగడి ప్రాంతాల సోదరులు మరొకటి గుర్తుంచుకోవాలి. ఆ నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. అడుగున మొరంతోనో సున్నంతోనో నేలను స్థిరపరచకుండా పైన ఎంత మందం పోసినా పగుళ్లు తప్పవు.

ఇప్పుడు అసలు బాధకు వద్దాము. పాత రోడ్డును తవ్వి తీయకుండా దానిపైనే కొత్త కాంక్రీటు పోయడం ఆనవాయితీగా మారింది. ఒక్కొక్క పొర నాలుగు నుండి ఆరు అంగుళాలు అనుకోండి. మూడు పర్యాయాలకు గల్లీ అడుగు నుండి అడుగున్నర వరకు లేస్తుంది. మా బస్తీలో ఒకప్పుడు రెండు మెట్లు ఎక్కి ఇంట్లోకి వెళ్లేవారు. నేడు అదే ఇంటికి రెండు మెట్లు దిగాలి. డబ్బున్నవారు ఇల్లు పడగొట్టి ఎత్తుగా కట్టుకుంటారు. ఒక గది, ఒక వంటిల్లు ఉన్న వితంతువు ఏమి చేయగలదు? గడపకు సిమెంటు గట్టు కడుతుంది. మరుసటి వానకు నీరు ఆ గట్టునూ దాటుతుంది. గదిలో నమాజుకు పరచిన చాప, పిల్లల పుస్తకాలు, బియ్యం సంచి అన్నీ మంచం మీదికి ఎక్కుతాయి. 2020 అక్టోబరులో ఫలక్‌నుమా వైపు అల్ జుబైల్ కాలనీలో ఇళ్లు మునిగిన తీరు మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వరదకు చెరువులు, నాలాలు కారణం. రోడ్డు ఎత్తును దానికి ముడిపెట్టడం న్యాయం కాదు. కాని సాధారణ వానకే నీరు ఇంట్లోకి వచ్చే గల్లీలలో మొదట కొలవవలసినది ఎత్తునే.

2006లో సచార్ కమిటీ నివేదిక ముస్లింలు ఎక్కువగా నివసించే గ్రామాలకు పక్కా రోడ్లు, బస్‌స్టాపులు తక్కువగా ఉన్నాయని చూపింది. అది దేశం మొత్తానికి సంబంధించిన మాట. మన గల్లీ విషయంలో ఆ నివేదికను బల్లమీద పెడితే అధికారి తల ఊపి ఊరుకుంటాడు. మన గల్లీ కొలతలు, మన గల్లీ కాగితాలు పెడితే జవాబు చెప్పవలసి వస్తుంది.

ఆ కాగితాలు ఎక్కడుంటాయో ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన మాకు బాగా తెలుసు. ప్రతి పనికి ఒక అంచనా ఉంటుంది, ఒక ఒప్పందం ఉంటుంది, మెజర్‌మెంట్ బుక్కు ఉంటుంది. పొడవు, వెడల్పు, మందం అందులో రాసిన తరువాతే బిల్లు కదులుతుంది. పాత రోడ్డు తవ్వినట్లు అందులో రాసి ఉండి, గల్లీలో తవ్వినవారే లేకపోతే, ఇక మీరు గొంతు పెంచనక్కరలేదు. ఒప్పందంలోనే లోపాల బాధ్యత కాలం రాసి ఉంటుంది. ఆ గడువులోపల పగిలిన రోడ్డును కాంట్రాక్టరు తన ఖర్చుతో బాగుచేయాలి. గడువు ఎప్పుడు ముగుస్తుందో తెలియక ఎన్ని బస్తీలు ఆ హక్కును పోగొట్టుకున్నాయో!

2005 నాటి సమాచార హక్కు చట్టం కాగితాల నకళ్లకే పరిమితమని చాలామంది భావిస్తారు. ఆ చట్టం 2వ సెక్షన్ (జె) ఉపవిభాగం పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కును, వాడిన సామగ్రి ధ్రువీకృత నమూనా తీసుకునే హక్కును కూడా ఇస్తుంది. నమూనా ఖర్చు దరఖాస్తుదారుడే భరించాలి. జవాబుకు గడువు 30 రోజులు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు.

కనుక ఇకపై వినతిపత్రంలో ఇలా రాయండి: పాత స్లాబును తొలగించి, ఇప్పుడున్న ఎత్తుకు మించకుండా కొత్తది పోయాలి, నీటి గొట్టం, డ్రైనేజీ పని ముగిసిన తరువాతే పోయాలి, వాలు ఏ మ్యాన్‌హోల్ వైపు ఉంటుందో ముందుగా చూపాలి. గొట్టం పని తరువాతకు వదిలితే నెల తిరగకుండానే కొత్త స్లాబు మధ్యలో కోత పడుతుంది. ఆ అతుకు మళ్లీ మొదటి స్లాబులా కలవదు.

దరఖాస్తు నమూనాలు ద్వారం దగ్గర బల్లమీద ఉంచాము. తెలుగులోను, ఉర్దూలోను ఉన్నాయి. వచ్చే ఆదివారం అస్ర్ నమాజు తరువాత మా గల్లీతో కొలతలు మొదలుపెడతాము. ప్రతి గడపకు, రోడ్డు మధ్యకు ఉన్న తేడాను అంగుళాలలో రాసి ఇంటి యజమాని సంతకం తీసుకుంటాము. టేపు మా దగ్గర ఒకటే ఉంది, ఉన్నవారు తెచ్చుకోండి.